బల్బు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

సంపాదకులకు,

నేను పశువైద్య సహాయకురాలిని. గేదె ఈనలేక అవస్థ పడుతోందనో, దూడ అడ్డం తిరిగిందనో కబురు వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. వీధి దీపమన్నది లేని పొలాల దారుల్లో, కాలవ గట్ల మీద స్కూటరు వేసుకుని వెళ్లాలి. పన్నెండేళ్లుగా ఇదే పని. ఈ ఉత్తరం స్కూటరు హెడ్‌లైటు గురించి.

ఒక రాత్రి పని ముగించుకుని 40 కి.మీ. వేగంతో ఇంటికి వస్తున్నాను. తారు రోడ్డు మీద ఒక గేదె పడుకుని ఉంది. నల్లటి రోడ్డు, నల్లటి ఒళ్లు. అది తల తిప్పడంతో రెండు కళ్లూ పచ్చగా మెరిశాయి. గేదె ఉందని తెలిసింది అప్పుడే. బ్రేకు పట్టాను, చక్రం జారింది, పక్కకు పడ్డాను. గేదెకు ఏమీ కాలేదు. నాకు మోకాలి చిప్ప పగిలింది. ఆరు వారాలు మంచం మీదే.

ఆ ఆరు వారాల్లో కూర్చుని లెక్క కట్టాను. 40 కి.మీ. వేగమంటే సెకనుకు 11 మీటర్లు. కంటికి కనబడి, చెయ్యి బ్రేకు మీద బిగిసేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే 17 మీటర్లు అలాగే వెళ్లిపోతాం. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 12 మీటర్లు. అంటే గేదె కనీసం 29 మీటర్ల ముందు కనబడి ఉండాలి. నా గుడ్డి దీపానికి అందులో సగం దూరం కూడా కనబడేది కాదు. నేను వెళ్లింది నా దీపం మోయలేని వేగం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

మోకాలు నయమయ్యాక మొదట చేసిన పని, 35 వాట్ల బల్బు తీయించి 60 వాట్లది పెట్టించడం. మెకానిక్కు పెట్టేశాడు. నాలుగు రోజులు బాగానే ఉంది, తర్వాత ప్లాస్టిక్కు కాలుతున్న వాసన. విప్పి చూస్తే హోల్డరు ఒక పక్క కరిగిపోయి ఉంది. ఆ సన్నని తీగలు, ఆ స్విచ్చు 35 వాట్లకు సరిపడేలా చేసినవి.

అప్పుడు తెల్లటి ఎల్‌ఈడీ బల్బు వేయించాను. దారంతా పట్టపగలులా అయింది. ఎంత సంతోషించానో చెప్పలేను. ఒక సాయంత్రం మా తమ్ముడు నా స్కూటరు తీసుకెళ్లాడు. చీకటి పడ్డాక గట్టు మీద వాడి కోసం ఎదురుచూస్తున్నాను. దూరం నుంచి ఒక బండి వచ్చింది. ఆ వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేశాను. అది దాటి పోయాక కూడా కొన్ని సెకన్లపాటు కాళ్ల ముందు కాలవ ఉందో గట్టు ఉందో తెలియలేదు. ముందుకు పోయి ఆగింది నా స్కూటరే. రెండు నెలలుగా నాకు ఎదురైన ప్రతి మనిషినీ నేను ఇలాగే చేశానన్న మాట. సైకిలు మీద వచ్చేవాళ్లు, నీళ్లు కట్టడానికి పొలాలకు నడిచిపోయేవాళ్లు. ఒక్కరు కాలవలో పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఆ బల్బు తీసేశాను.

దాని తప్పేమిటో తర్వాత తెలుసుకున్నాను. డూమ్‌లో, అంటే హెడ్‌లైటు గిన్నెలో, వెలుగును ముందుకు తిప్పే అద్దాన్ని ఒక సన్నని ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో ఆ చోటుకు సరిపోయేలా వంచుతారు. డిమ్‌లో వెలుగు పైకి పోకుండా ఉండేది ఆ అమరిక వల్లే. అక్కడ వేరే ఆకారం ఉన్న ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారి, చెల్లాచెదురై ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. నడిపేవాళ్లకేమో దగ్గరి రోడ్డు ధగధగలాడి, దూరం ఇంకా నల్లగా అవుతుంది. కంపెనీయే ఎల్‌ఈడీ కోసం తయారుచేసిన దీపం సంగతి వేరు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నీలం పూత పూసిన హాలోజన్ బల్బులు మాత్రం కొనకండి. ఆ పూత ఉన్న వెలుగులోనే కొంత మింగేస్తుంది.

అసలు జబ్బు పట్టుకున్నది మా తమ్ముడు. వాడు కరెంటు పని చేస్తాడు. పాత 35 వాట్ల బల్బే మళ్లీ పెట్టించి, ఇంజను నడుస్తూ దీపం వెలుగుతుండగా వోల్టులు కొలిచే మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు. హోల్డరు దగ్గర 11.6.

"అక్కా, దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. నువ్వేమో బల్బులు మారుస్తూ కూర్చున్నావు" అన్నాడు.

ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు తగ్గేది పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు. నా బండిలో ఆ లెక్కన నూటికి నలభై వంతుల వెలుగు పోతోంది. వాట్లు పెంచితే కరెంటు పెరుగుతుంది, దాంతో ఆ పాడు తీగలో నష్టమూ వేడీ ఇంకా పెరుగుతాయి. హోల్డరు కరిగింది అందుకే. తుప్పు పట్టిన ఎర్తు తీగ, నల్లబడిన స్విచ్చు కాంటాక్టులు, తీగలను కలిపే చోట వదులైన కప్లరు, ఈ మూడింటినీ గీకి శుభ్రం చేసి బిగించాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో ఒక మందమైన తీగ లాగి రిలే పెట్టాడు, అంటే పాత స్విచ్చు నొక్కితే ఆ మందమైన తీగ కరెంటును దీపానికి కలిపే మరో స్విచ్చు. హోల్డరు దగ్గర 13 దాటింది. అదే బల్బు!

అయితే ఒక మాట. పాత స్కూటర్లు చాలావాటిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా మాగ్నెటో మీద, అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం మీద వెలుగుతుంది. యాక్సిలరేటరు పెంచితే వెలుగు పెరిగి, వదిలితే తగ్గిపోతుంటే మీదీ అదే. గుంత కనబడి నెమ్మదించగానే, సరిగ్గా వెలుగు కావలసిన క్షణంలోనే దీపం మినుకుమంటుంది. అలాంటి బండికి బ్యాటరీ నుంచి ఊరికే తీగ లాగకండి, చార్జింగు చాలక బ్యాటరీ దిగిపోతుంది. మాగ్నెటో, దాని కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయరు, ఈ రెండూ మార్చడం తెలిసినవాళ్లతోనే ఆ పని చేయించాలి.

రెండో జబ్బు దీపం వాలు. బండిని గోడకు 10 మీటర్ల దూరంలో తిన్నగా నిలబెట్టి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి చూశాడు. నా దీపం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. గోడ మీద డిమ్ వెలుగు పై అంచు 25 దగ్గర పడింది. 10 మీటర్లకే అరమీటరు కిందికి వాలితే, 15 మీటర్ల దగ్గర రోడ్డు మీద పడి ఆగిపోతుంది. మర ఎప్పుడో వదులై డూమ్ ముందుకు వాలిపోయి ఉంది. పై అంచు దీపం ఎత్తు కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు మాత్రమే కిందికి ఉండేలా బిగిస్తే, అదే వెలుగు 50 మీటర్ల పైదాకా అందుతుంది. ఎదుటివాళ్ల కళ్లలో పడదు. వెనక మనిషిని ఎక్కించుకుంటే మాత్రం వెనక భాగం దిగి దీపం చెట్లకొమ్మలకెక్కుతుంది. రోజూ ఇద్దరుగా వెళ్లేవాళ్లు ఇద్దరూ కూర్చునే సరిచూసుకోవాలి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. సర్వీసింగులో ఆయిలు మారుస్తున్నారు, గొలుసో బెల్టో చూస్తున్నారు. హెడ్‌లైటు హోల్డరు దగ్గర వోల్టులెన్ని, దీపం వాలు ఎంత అన్నది కూడా చూసి కాగితం మీద రాసివ్వాలి. పది నిమిషాల పని. తయారీదారులు ఆ వాలు మర ఎక్కడుందో వాడేవాళ్లకు బొమ్మ వేసి చెప్పాలి. నా బండికి అది ముందు మూత విప్పితే తప్ప దొరకలేదు. వెనక మనిషి ఎక్కినప్పుడు చేత్తో దించుకునే చిన్న మీట పెడితే ఇంకా మంచిది.

పశువులున్నవాళ్లకూ ఒక విన్నపం. మెడపట్టెడకు జానెడు మెరిసే టేపు కట్టండి. అది పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది, గుడ్డి దీపానికి కూడా దూరం నుంచే కనబడుతుంది. నేను వెళ్లిన ప్రతి పాకలో ఇది చెబుతున్నాను.

ఇప్పుడు కూడా చీకటి దారిలో 30 దాటను. ఆ వేగంలో 20 మీటర్లలో ఆగగలను. మీటరు నా మందుల సంచీలోనే ఉంటోంది. కాన్పు అయిపోయి చేతులు కడుక్కున్నాక, ఆ ఇంట్లో స్కూటరు ఉంటే దాని హోల్డరు దగ్గర ఒకసారి పెట్టి చూసి వస్తున్నాను.

ఇట్లు,
ఒక పశువైద్య సహాయకురాలు