నాయిన కాలు నిలబెట్టినోళ్ళందరికీ

నిన్న మా నాయిన వాకర్ పట్టుకొని వాకిట్ల వేపచెట్టు దాకా నడిచిండు. ఆ మాట చెప్దామనే ఈ పోస్ట్, ఇన్ని రోజులు రాద్దామంటే చెయ్యి రాలే.

సూర్యాపేట దగ్గర హైవే మీద నాయిన ఎక్సెల్‌ని లారీ గుద్దింది. చీలమండకి కొంచెం పైన ఎముక విరిగి బయటకొచ్చింది, మీద చర్మం అనేదే మిగల్లే. మొదలు తీస్కపోయిన దవాఖానల కాలు తీసెయ్యాలన్నరు, అమ్మ సంతకం పెట్టనని అక్కడ్నే కూలబడ్డది. రాత్రికి రాత్రి హైదరాబాద్ తెచ్చినం. ఆర్థోవాళ్ళు పుండు కడిగి బయట నుంచి రాడ్లు బిగించిన్రు, తర్వాత ప్లాస్టిక్ సర్జరీ సార్ వచ్చి కాయితం మీద బొమ్మ గీసి మరీ చెప్పిన్రు. మోకాలి కింద దెబ్బైతే పిక్క కండనే తిప్పి కప్పొచ్చంట, చీలమండ దగ్గర అట్ల తిప్పుదామంటే సరిపోయే కండ ఉండదు, అందుకే తొడ నుంచి చర్మాన్ని దాని రక్తనాళాలతోని సహా తీసి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నటి దారంతోని కాలు నాళాలకి కుట్టాలె. పొద్దున లోపలికి తీస్కపోతే బయటికొచ్చేసరికి చీకటి పడ్డది.

సార్లకి దండం. కానీ నేను ముఖ్యంగా చెప్పాల్సింది నైట్ డ్యూటీ సిస్టర్ గురించి. గంటగంటకీ వచ్చి కాలుకి కుట్టిన ఆ చర్మం ముక్కని టార్చ్ వేసి చూసేది, వేలితో నొక్కి రంగు ఎంతసేపట్ల తిరిగొస్తుందో చూసేది, వెచ్చగుందా అని చెయ్యి ఆనించేది, చిన్న మిషన్ పెట్టి లోపల రక్తం పారే షూ షూ చప్పుడు వినేది. రెండో రాత్రి 2 గంటలకి ఆ ముక్క ఉబ్బి నేరేడుపండు రంగుకి తిరిగింది, నేనైతే కమిలిందేమో అనుకున్న, ఆమె మాత్రం ఒక్క నిమిషం ఆగలే, అక్కడి నుంచే డాక్టర్‌కి ఫోన్ కొట్టింది. చూస్తుండంగనే మళ్ళా థియేటర్‌కి తీస్కపోయిన్రు. రక్తం లోపలికి పోతుంది గానీ తిరిగి బయటికి తెచ్చే సిరల గడ్డ కట్టిందంట, అది తీసి మళ్ళా కుట్టిన్రు. తెల్లారేదాక ఆగుంటే ముక్క చచ్చిపోయేదని తర్వాత సారే చెప్పిన్రు.

పనులిడిసి వచ్చి రక్తం ఇచ్చిన మా ఊరి తమ్ముళ్ళకి, ఆరోగ్యశ్రీ కాయితాలు పట్టుకొని నాతోని తిరిగిన బావకి, బీడీ తాగితే నాళాలు ముడుచుకుంటయని నాయిన జేబులకెల్లి కట్ట తీసి పారేసిన పక్క బెడ్ పెద్దాయనకి, మిమ్మల్ని మర్చిపోతే నేను మనిషినే కాదు.

సిస్టర్, ఆ గాబరాల మీ పేరు కూడా అడగలే. వచ్చే సోమవారం చెకప్‌కి వస్తున్నం. ఈసారి నాయిన స్ట్రెచర్ మీద కాదు, నడుచుకుంటనే వార్డుకి వస్తడు. ఆ రోజు మీరు డ్యూటీల ఉంటే బాగుండు.