మంత్రిగారూ, మాకో మంగళవారం ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లను అప్పుడప్పుడు ఒక పూట బయటికి తీసుకెళ్లే చిన్న బృందం మాది, హనుమకొండలో. మందుల సంగతి మాట్లాడం, ధైర్యం చెప్పే ఉపన్యాసాలు అసలే ఉండవు. చెట్టు కింద కూర్చోబెడతాం, అన్నం పెడతాం, చీకటి పడకముందే ఇంటికి చేరుస్తాం. అంతే.

వైద్యానికి ప్రభుత్వం చేస్తున్నది తక్కువేం కాదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వేవాళ్లు స్లీపర్‌లో ఛార్జీ తీసుకోరు. అయితే ఈ సాయమంతా ఆస్పత్రి గేటు దాకానే. నెలల తరబడి ఇల్లు, ఆస్పత్రి తప్ప మూడో చోటు చూడని మనిషికి ఒక రోజు మామూలుగా గడపాలనిపిస్తే, దానికి ఏ పథకమూ లేదు. అందుకే ఆరోగ్య శాఖకు కాకుండా మీకు రాస్తున్నాం.

మావాళ్లను ఎక్కడికి పోదామని అడిగితే మొదట చెప్పేది చెరువు కాదు, మేడారం. జాతరప్పుడు తీసుకెళ్లలేం. కీమో ఎక్కించాక వారం, రెండు వారాల మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది, ఆ గుంపులో ఏ ఇన్ఫెక్షన్ అంటుకున్నా ప్రాణాల మీదికొస్తుంది. మూడు వారాలకోసారి కీమో ఉన్నవాళ్లకు మూడో వారమే కాస్త తెరిపి. డాక్టరు కౌంట్ చూసి సరేనంటేనే బయల్దేరతాం. జాతర లేని రోజుల్లో గద్దెల దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. కిందటిసారి ఒక పెద్దమ్మ నిలువెత్తు బంగారం, అంటే తన బరువుకు సరిపడా బెల్లం, మొక్కు తీర్చుకుంది. తూకం మీద నుంచి దిగుతూ, “ఈ రోగం పుణ్యాన బెల్లం ఖర్చు కలిసొచ్చింది బిడ్డా” అంది. మాకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమే ముందు నవ్వింది.

తిండి దగ్గరా ఇలాగే. నోట్లో ఇనుము రుచి తప్ప ఏమీ తెలియడం లేదని అన్నం మానేసినాయన లక్నవరం చెరువు ఒడ్డున పచ్చిపులుసు అడిగి మరీ పోయించుకున్నాడు. పచ్చివి పెట్టొద్దన్నారు కాబట్టి అందులో ఉల్లిగడ్డ వేయించి వేశాం. “గిదేం పచ్చిపులుసు?” అని వంక పెడుతూనే రెండోసారి కలుపుకున్నాడు.

ఇక మా ఇబ్బంది. ఒక పర్యాటక కేంద్రంలో పడవ టికెట్ అడిగితే, “జబ్బున్నోళ్లను గిట్ల ఎందుకు తిప్పుతరు?” అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి లైన్లోంచి పక్కకు తప్పుకుంది. క్యాన్సర్ అంటుకునే రోగం కాదని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, తప్పు అతనిది ఒక్కడిదే అనలేం. మీ సిబ్బందికి ఒక గంట శిక్షణ ఇప్పిస్తే సరిపోతుంది.

మేం గ్రాంటు అడగడం లేదు. ఆదివారం కాలు పెట్టే సందుండని చోట్లే మంగళవారం ఖాళీగా ఉంటాయి. పడవలు ఒడ్డునే కట్టేసి ఉంటాయి. ఆ రోజు మావాళ్లకు ఒక పడవ, ఎండ తగలకుండా కూర్చునే చోటు, నడవలేనివాళ్లకు వీల్‌చైర్ ఇప్పించండి. అన్నిటికంటే ముందు, కూర్చుని లేవగలిగే కమోడ్ ఉన్న శుభ్రమైన టాయిలెట్. దాని టెన్షన్‌తోనే పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లున్నారు. కీమోలో ఉన్నవాళ్లు బాగా నీళ్లు తాగాలి కదా. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. కానీ మందుల వల్ల అరికాళ్లు మొద్దుబారిన మనిషి ఆ ఎత్తైన అరుగు ఎక్కాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక ఆసరా కావాలి. రాతికి మేకు కొట్టమనడం లేదు, పక్కన పెట్టి తీసేసే చెక్క మెట్లయినా చాలు. పురావస్తు శాఖవాళ్లతో మీరు మాట్లాడితే అయ్యే పనే.

కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుంటున్నవాళ్లకు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆస్పత్రే. వాళ్లను మంగళవారం తీసుకురాలేం. శని, ఆదివారాల్లో పొద్దున్నే భద్రకాళి బండ్ మీదికి తీసుకెళ్తాం, దానికి మీ అనుమతి అక్కర్లేదు.

ములుగు వైపు ప్రయాణాలకు ఎవరికి ఫోన్ చేయాలో, మీ శాఖలో ఒక అధికారి పేరు చెప్పించండి. దసరా రద్దీ తగ్గాక లక్నవరం పోదామని ఇప్పటికే కొందరు చీరలు తీసి పెట్టుకున్నారు.

ఇట్లు,
బృందం తరఫున ఒక కార్యకర్త,
హనుమకొండ