సూరిగాడికి, అరిసెల ఆర్డర్ల సంగతి

ఒరేయ్ సూరిగా,

నీ మెసేజీ వచ్చి పది రోజులైంది, జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరం కులాసా. పాప పరీక్షలయ్యాయి, ఇంటికి సున్నం ఇంకా పడలేదు. అంతే కబుర్లు. ఇదంతా వాట్సాప్‌లో పెడితే చదవకుండా బొటనవేలు చూపించి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నా.

అసలు సంగతేంటంటే, 240 మందికి సంక్రాంతి అరిసెల ఆర్డర్లడుగుతూ వాట్సాప్ మెసేజీ పెడితే పదకొండు మందే పలికారు, జనానికి పిండివంటల మీద మోజు పోయింది అని ఏడ్చావే, మోజు ఎక్కడికీ పోలేదురా! నీ మెసేజీయే వాళ్ళకి చేరలేదు. ఒకే మెసేజీని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది పడతారు, నిజమే. కానీ ఎవరి ఫోన్లో నీ నంబరు సేవై ఉందో వాళ్ళకే వెళ్తుంది. నీ దగ్గర వాళ్ళ నంబరుంటే చాలదు. నమ్మకపోతే ఆ మెసేజీ నొక్కిపట్టి ఇన్ఫో తెరువు, ఎవరెవరికి అందిందో పేర్లతో సహా ఉంటుంది. లెక్కపెట్టాక ఏడువు.

మిగతావాళ్ళకి రోజుకి ఇరవై మంది చొప్పున, పేరు పెట్టి విడివిడిగా రాయి. “పోయిన పండక్కి కిలో సున్నుండలు తీసుకున్నారు కదండీ, ఈసారి ధరలివీ, ఈ నంబరు సేవ్ చేసుకుంటే ధరల పట్టిక మీకు దానంతటదే వస్తుంది.” ఇంతే. ప్రతి డబ్బా మూత మీదా ఇదే చీటీ అంటించు, వచ్చే ఏటికి పనికొస్తుంది. వందలమందికి ఒక్క నొక్కుతో పంపే సాఫ్ట్‌వేరంటూ ఎవడైనా వస్తే మాత్రం తరిమెయ్. జనం రిపోర్టు కొడితే పండగ నడిమధ్యలో వాట్సాప్ నీ నంబరునే ఆపెయ్యొచ్చు.

ఇంకోటి. “ధర కోసం మెసేజ్ చేయండి” అని పెట్టావు చూడు, అక్కడే నీ మెడకి నువ్వే ఉరి వేసుకున్నావు. నూనె చేత్తో ఎంతమందికని జవాబిస్తావు? కిలో, అరకిలో ధరలు ఫొటో కిందే రాసెయ్. తరచూ అడిగేవాటికి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లై, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబు, పెట్టుకో, ఏటవాలు గీత (/) కొట్టి “ధర” అంటే మొత్తం దిగుతుంది. డబ్బొచ్చినవాళ్ళ చాట్లకి ఒక లేబుల్, పార్సెల్ కట్టాల్సినవాళ్ళకి ఒకటి. రెండు చాలు, నీ బుర్రకి మూడోది ఎక్కువ.

ఫొటో పొద్దున కిటికీ పక్కన తియ్యి. ఫ్లాష్ వేస్తే నూనె మెరిసి జిడ్డు సరుకులా కనపడుతుంది. ఒక అరిసె విరిచి పెట్టు, లోపల గుల్ల కనపడాలి.

ఇక గడువు. అత్తయ్యగారూ చెల్లెమ్మా కలిసి రోజుకి 15 కిలోలు తియ్యగలరనుకో, పది రోజులకి 150. నువ్వు 120కే ఒప్పుకో. పాకం ముదిరితే అరిసె రాయి, లేతదైతే నూనెలో విడిపోతుంది, ఒకటి రెండు వాయిలు పోతాయనే అనుకోవాలి. 120 నిండగానే “ఆర్డర్లు అయిపోయాయి” అని స్టేటస్ పెట్టు. నిండకపోయినా భోగికి పది రోజుల ముందు ఆపెయ్. సగం డబ్బు ముందే తీసుకో, చుట్టాలైనా సరే. ముఖ్యంగా చుట్టాలైతే! మొత్తం మీద మెసేజీలు మూడే: ధనుర్మాసం పట్టగానే పట్టిక, గడువుకి రెండ్రోజుల ముందు గుర్తుచెయ్యడం, పార్సెల్ బయల్దేరాక రసీదు ఫొటో. రోజూ శుభోదయాలు పెట్టావంటే బ్లాక్ చేస్తారు, నేనే చేస్తా.

నువ్వు పెట్టిన తగ్గింపు ధరల బోర్డు తీసెయ్. మెసేజీ అందరికీ చేరితే పని చాలక కాదు, చేతులు చాలక చస్తావు, అప్పుడు తగ్గించి అమ్మడమేంట్రా? మొదటివారంలో చెప్పినవాళ్ళకి గుప్పెడు గవ్వలు కొసరెయ్యి, దానికే మురిసిపోతారు. బొబ్బట్లు పార్సెల్ పట్టికలో ఉంచకు, రెండ్రోజులకి మించి ఆగవు, వాటిని ఊళ్ళోవాళ్ళకే ఇవ్వు. దూరానికి అరిసెలు, జంతికలు, సున్నుండలు. జంతికల్ని అరిసెల పక్కన విడిగా పడేస్తే మెత్తబడతాయి, వేరే కవర్లో సీలు చెయ్యాలి. కొరియర్‌కి తూకం డబ్బాతో కలిపి వేస్తారు, కిలో దాటితే తర్వాతి తూకం రేటు పడుతుంది, అందుకని సరుకు 900 గ్రాములే పెట్టి ధర దానికే...

మా బావమరిది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తణుకు బస్సుకి టైమైందట. ఈ కాగితం వాడి చేతికే ఇస్తున్నా. అట్టపెట్టెల గురించి అసలు రాయనేలేదు, మూలలు నలక్కుండా లోపల

సరే, వాడు అరుస్తున్నాడు. ఉంటా.

నీ
బాబీ