చైనా వాచీ అంటే అంత చులకనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత వాచీలు సేకరించేవాళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. హెచ్‌ఎంటీ గురించి చాలా బాగా రాశారు. చైనా వాచీలను మాత్రం ‘నకిలీల జోలికి పోవద్దు’ అంటూ ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. తెనాలిలో మా నాన్న వేసిన రిపేరు బల్ల మీదే నేనూ పని చేస్తున్నాను. రోజూ మూతలు విప్పి చూసేవాణ్ణి కనుక ఆ మాట ఒప్పుకోలేక ఈ ఉత్తరం.

నకిలీలు లేవని ఎవరన్నారు? రోలెక్స్ పేరు తగిలించుకున్న సరుకు నా దగ్గరికీ వస్తుంది, బాగు చేయనని పంపేస్తాను. కానీ చైనా వాళ్లు తమ సొంత పేరుతో చేసుకున్న వాచీల సంగతి వేరు. 1955లో తియాంజిన్‌లో నలుగురు పనివాళ్లు కూర్చుని ఆ దేశపు మొదటి చేతి గడియారం తయారు చేశారు. 1958లో షాంఘై ఫ్యాక్టరీ ఎ581 అనే 17 రాళ్ల (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే జ్యువెల్స్) వాచీ తెచ్చింది. ప్రధాని చౌ ఎన్‌లై చేతికి ఉండేది షాంఘై వాచీయే. మన హెచ్‌ఎంటీ వాచీలు మొదలైంది 1961లో, అదీ జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో. జపాన్ దగ్గర నేర్చుకుని మనం చేస్తే గొప్ప, స్విట్జర్లాండ్ యంత్రాలు కొనుక్కుని వాళ్లు చేస్తే కాపీ! ఇదెక్కడి న్యాయం?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే ముందు ఒక తోంగ్‌జీ కొనమంటాను. అది బ్రాండు కాదు, వాచీ లోపలి మెషీన్ పేరు. 1969 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం ఊరికో డిజైన్ ఎందుకని, అన్ని ఫ్యాక్టరీలూ ఒకే మెషీన్ చేసేలా నమూనా గీయించింది. 17 రాళ్లు, కీ ఇచ్చే రకం, గంటకు 21,600 బీట్లు, అంటే టిక్కులు. మన హెచ్‌ఎంటీ జనతా వాచీది 18,000. రెండూ పక్కపక్కన చెవి దగ్గర పెట్టుకుంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది, తోంగ్‌జీది కాస్త తొందర నడక. ఆ మెషీన్ దేశమంతటా బోలెడు ఫ్యాక్టరీల్లో తయారైంది, చోంగ్‌చింగ్‌లో చేసిన షాన్‌చెంగ్ వాచీ అందులో ఒకటి. మూత తీస్తే చాలావాటి మీద జడ్‌తో మొదలయ్యే అక్షరాలు కనిపిస్తాయి. ఏ ఫ్యాక్టరీదో వాటిని బట్టి చెప్పొచ్చు. సేకరణలో అసలు సరదా నాకు అక్కడే ఉంది: మెషీన్ ఒకటే, కానీ ఒకచోట పళ్లచక్రాలు అద్దంలా మెరుస్తుంటాయి, ఇంకోచోట ఆకురాయి గీతలు అలాగే వదిలేసి ఉంటాయి.

ఆ రోజుల్లో అక్కడ పెళ్లికి ‘మూడు తిరిగేవి, ఒకటి మోగేది’ ఉండాలనేవారట. సైకిలు, కుట్టుమిషను, వాచీ తిరిగేవి, రేడియో మోగేది. షాంఘై వాచీ 120 యువాన్లు, అంటే కార్మికుడికి కొన్ని నెలల జీతం. అంత పెట్టి కొన్నవాళ్లు దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుని ఉంటారో మనకు తెలియంది కాదు. మంచి పీసులు ఇప్పటికీ దొరుకుతున్నాయంటే అదీ ఒక కారణం.

ఇక అందరూ ఎగబడే ‘1963’ అనే మోడల్. మొన్న ఒక కుర్రాడు తెచ్చాడు. మీగడ రంగు డయల్, ఎర్ర నక్షత్రం, నీలం ముళ్లు. ‘అరవై ఏళ్ల నాటి ఎయిర్‌ఫోర్స్ వాచీ అంకుల్’ అన్నాడు. తిప్పి చూస్తే వెనక అద్దం మూత! చైనా వైమానిక దళం కోసం స్టాప్‌వాచీ కూడా ఉండే చేతి గడియారం చేసే పని 1961లో తియాంజిన్ వాళ్లకు అప్పగించారు. వీనస్ 175 అనే స్విస్ స్టాప్‌వాచీ మెషీన్ తయారీ యంత్రాలు కొని మొదలుపెట్టారు. ఆ కాలంలో బయటికొచ్చినవి దాదాపు 1,400 అంటారు, వాటికి మూత ఉక్కుదే. ఇప్పుడు అమ్ముతున్నవి దాదాపు అన్నీ తర్వాతి కాలంలో కొత్తగా చేసినవి. అలాగని తీసిపారేయాల్సింది కాదది. లోపల ఎస్‌టీ19 మెషీన్, కాలమ్ వీల్‌తో నడిచే స్టాప్‌వాచీ. బటన్ నొక్కినప్పుడు ఆ చిన్న స్తంభాల చక్రం ఒక్క గడి కదలడం ఐ గ్లాసులో చూస్తే, ఇంత తక్కువ డబ్బుకు ఇదెలా చేశారా అనిపిస్తుంది. కొత్తదని తెలిసే కొనండి, పాతదని నమ్మించి ధర పెంచితే మాత్రం లేచి వచ్చేయండి.

డయల్ విషయంలో టెన్షన్ ఎక్కువ. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతకు కేంద్రం నిర్ణయం తీసుకున్నాక మన దగ్గర పాతవాటికి మళ్లీ రంగులేసిన డయళ్లు ఎలా పుట్టుకొచ్చాయో చూశాం కదా, చైనా పాత వాచీల్లోనూ అదే తంతు. కేసు అరిగిపోయి డయల్ మాత్రం పెళ్లికూతురిలా ఉంటే అనుమానించాలి. డయల్ కాళ్లు (దాన్ని మెషీన్‌కు పట్టి ఉంచే వెనకవైపు సన్నటి పుల్లలు) విరిగి గమ్‌తో అతికించారేమో చూడాలి. చేయి ఊపే మావో బొమ్మ వాచీలు సరదాకు తప్ప సేకరణకు పనికిరావు. చాలావరకు టూరిస్టులకు అమ్మడానికి చేసినవే.

కొనడం కూడా తేలికేం కాదు. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం నిషేధించాక నేరుగా తెప్పించుకునే దారి ఇరుకైంది. నా దగ్గరున్నవి సింగపూర్‌లో ఉన్న మా బావమరిది తెచ్చినవి. పోస్టులో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి. నడవని తోంగ్‌జీలు చౌకగా వస్తే వదలకండి, ఒకదాని భాగాలు ఇంకోదానికి చాలావరకు సరిపోతాయి. ఆయిల్ ఎండిపోయి ఉంటుంది కాబట్టి సర్వీసింగ్ చేయించకుండా కీ ఇచ్చి పెట్టుకోవద్దు. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ముందే చైనాది అనకండి. మూత విప్పనిచ్చి, మెషీన్ ఎలా ఉందో ఆయన నోట విన్నాక చెప్పండి.

— ఒక వాచీ మెకానిక్, తెనాలి