మెస్ బిల్లులో అరటిపండు ఎవరి ఖాతాలో వేయాలి?

రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. విద్యార్థుల ఆరోగ్యం మీద కాగితాలకు మాకేం కొదవ లేదు. క్యాంపస్‌లలో జంక్ ఫుడ్ అమ్మనివ్వొద్దని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2016లో చెప్పింది, 2018లో మళ్లీ చెప్పింది. ఆటలు, ఫిట్‌నెస్, మానసిక ఆరోగ్యం అన్నీ కలిపి 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. మా నోటీసు బోర్డుకు సర్క్యులర్లు అందుతూనే ఉన్నాయి. రాత్రి ఎనిమిదిన్నర దాటితే మాకు అన్నమే అందదు.

ల్యాబ్‌లో పని తెమిలేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి మెస్‌లో గిన్నెలు కడుగుతుంటారు. కాస్త ముందొచ్చినా లైన్ చివర్లో ఉంటే కూర అయిపోయి ఉంటుంది, సాంబారులో ముక్క కనపడదు. అన్నం మాత్రం ఎంతడిగితే అంత పెడతారు. ఇక దిక్కు గేటు బయట బండి మీద ఎగ్ నూడుల్స్, లేదంటే రూములో కెటిల్ పెట్టి ఉడికించుకునే మ్యాగీ. కెటిల్ దొరికితే ఫైన్ కూడా వేస్తారు లెండి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. మా ప్లేటులో పడేది గరిటెడు కూర. పండు పెట్టమని అడిగితే వార్డెన్ గారు "పెడదామమ్మా, బిల్లు పెరుగుతుంది మరి, మీకు సరేనా?" అంటారు. ఆవిడ తప్పేం లేదు. మాది డివైడింగ్ మెస్. నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవాళ్ల మధ్య పంచి తలా ఇంత వేస్తారు. స్కాలర్‌షిప్ పడక, అప్పు చేసి మెస్ బిల్లు కట్టే పిల్ల అరటిపండు వద్దనే అంటుంది. పోషకాహారం గురించి తెలియక కాదు. మనవాళ్లు మాత్రం ఆ పిల్లనే కూర్చోబెట్టి అవగాహన సదస్సు పెడతారు.

ఇంకో మాట. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన ఒక అమ్మాయి కేసులో ఇచ్చిన తీర్పు అది. మా దగ్గర ఆ పని ఒక లెక్చరర్‌కు అదనపు బాధ్యతగా అప్పగించారు. మార్కులు వేసే మనిషి ముందు కూర్చుని టెన్షన్ గురించి ఎవరు నోరు విప్పుతారు చెప్పండి?

అందుకే మిమ్మల్ని అడిగేది కొత్త పాలసీ కాదు. రాత్రి పది దాకా మెస్ నడపడానికి ఇద్దరు వంటవాళ్లను అదనంగా ఇవ్వండి. గుడ్డు, పండు, పాల ఖర్చు మా బిల్లులో కలపకుండా ప్రభుత్వమే భరించేలా బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టండి. గ్రౌండ్‌లో లైట్లు వేయించి, ఆడపిల్లలు ఆడుకోవడానికి ఒక గంట కేటాయించమని వీసీలకు చెప్పండి. కౌన్సెలర్ పోస్టును పాఠాలు చెప్పే వాళ్లతో కాకుండా బయటి వాళ్లతో భర్తీ చేయండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని