బాలు పాటల గుంపుకు సెలవు

సంపాదకులకు నమస్కారం.

ప్రతి ఏడాది జూన్ మొదటి వారంలో ఒకసారి, డిసెంబర్ రెండో వారంలో ఒకసారి మీ జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వేసేవారు. 'బాలు పాటల అభిమానుల కలయిక' అని మూడు నాలుగు లైన్లు, అంతే. ఆ కాగితం రాసి మీ ఆఫీసులో ఇచ్చి వచ్చేది నేనే. ఈ డిసెంబర్‌లో ఇవ్వబోయేది చివరిది. మా గుంపును ఆపేస్తున్నాం. ఇన్నేళ్ల సంగతి మూడు లైన్లలో చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి గానీ, చివర్లో రాసిన రెండు విషయాలు మాత్రం ఉంచండి.

జూన్ 4 ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పుట్టినరోజని అందరికీ తెలుసు. డిసెంబర్ 15 సంగతి పాటల పిచ్చి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. 1966లో ఆ రోజే ఆయన మొదటి సినిమా పాట రికార్డయింది, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం. ఈ డిసెంబర్‌కు అరవై ఏళ్లు నిండుతాయి. ఆపేదేదో ఆ రోజే ఆపుదామని అందరం అనుకున్నాం.

మా గుంపు మొదలైంది ఫోన్లలో కాదు. నెల్లూరు ట్రంక్ రోడ్డు దగ్గర నాకు క్యాసెట్ల షాపు ఉండేది, 1988లో పెట్టాను. అప్పట్లో జనం తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకొచ్చి, ఖాళీ క్యాసెట్ కొని రికార్డింగ్ చేయించుకునేవాళ్లు. అరవై నిమిషాల దాంట్లో పన్నెండు పదమూడు పాటలు పట్టేవి. ఏ సైడు చివర పాట సగంలో తెగిపోతే ఊరుకునేవాళ్లు కాదు, మళ్లీ చేసివ్వాల్సిందే. కొందరి లిస్టు పైనే 'బాలువి మాత్రమే' అని రాసి గీత కొట్టి ఉండేది. ఆ లిస్టుల వాళ్లే సాయంత్రాలు షాపు ముందు నిలబడి ఒకరికొకరు పరిచయమయ్యారు. వీఆర్ కాలేజీలో చదువుకునే పిల్లలు, కోర్టు గుమాస్తా ఒకాయన, స్టోన్‌హౌస్‌పేట నుంచి బియ్యం వ్యాపారి ఒకాయన. ఒక పాట ఎవరు రాశారన్న దగ్గర మొదలైతే నేను షట్టర్ దించే దాకా తెగేది కాదు.

తర్వాత సీడీలొచ్చాయి, పెన్‌డ్రైవ్‌లొచ్చాయి, షాపు మూతపడింది. మనుషులు చెదిరిపోయారు. 2008లో కావలి అబ్బాయి ఒకడు, బెంగళూరులో ఉద్యోగం, అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి సైటు ఆర్కుట్‌లో మా అందరినీ వెతికి పట్టుకుని మళ్లీ ఒకచోట చేర్చాడు. అక్కడి నుంచి ఒంగోలు, కందుకూరు, గిద్దలూరు, ఉదయగిరి, ఆత్మకూరు, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కలిశారు. దుబాయ్‌లో ఉన్న సింగరాయకొండ వాళ్లు కూడా. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేస్తారని తెలిసినప్పుడు మాకు పట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు, ఆరేళ్లు రాసుకున్నదంతా అందులోనే ఉంది. కావలి అమ్మాయి ఒకామె రాత్రిళ్లు కూర్చుని పేజీ పేజీ ప్రింట్ తీసింది. ఆ కట్టలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. తర్వాత వాట్సాప్‌లోకి వచ్చాం. ఒక గ్రూపులో 256 మందికి మించి పట్టని రోజుల్లో రెండు గ్రూపులు నడిపాం, నెల్లూరు వైపు ఒకటి, ఒంగోలు వైపు ఒకటి. 2022లో కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు అక్కడి సభ్యులు మాత్రం ఒంగోలు గ్రూపు వదిలి రామన్నారు, వాళ్ల ఇష్టమే మాకు ఇష్టం.

మాకు ఒకటే నియమం ఉండేది. పాట పెడితే దాంతో పాటు ఐదు వివరాలు పెట్టాలి: సినిమా, సంవత్సరం, రాసినవారు, సంగీతం, తోడు పాడినవారు. వివరం లేని పాట పెడితే ఎంత పెద్దవారిదైనా తీసేసేవాళ్లం. కొత్తవాళ్లకు కష్టంగా తోచేది. కానీ ఆ నియమం వల్లే మాకు పదకొండు రిజిస్టర్లు తయారయ్యాయి. సినిమా పాటలవి, సినిమాల్లో లేని భక్తి పాటలవి, తమిళం, కన్నడం పాటలవి విడివిడిగా. డబ్బింగ్‌కు కూడా ఒకటుంది, కమల్ హాసన్ తమిళ సినిమాలు తెలుగులోకి వస్తే చాలావాటిలో వినిపించేది బాలు గారి గొంతని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. రిజిస్టర్లో ఎక్కించాలంటే ఇద్దరు విని సరే అనాలి, అందులో ఒకరు కచ్చితంగా కందుకూరు కండక్టర్ గారై ఉండాలి.

ఆయన గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసీ దండగే. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సంగీతం నేర్చుకోలేదు. కానీ ఆయన చెవిలాంటి చెవి నేను చూడలేదు. మనో గారి పాటల్లో కొన్ని బాలు పాటలని మాలో సగం మంది పొరబడేవాళ్లం, ఆయన పల్లవి అయ్యేలోపే చెప్పేసేవారు. "మాటలు వినొద్దయ్యా, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో విను" అనేవారు. బాలు గారు అల్లు రామలింగయ్యకు పాడితే అల్లు రామలింగయ్యే పాడుతున్నట్టుంటుంది, గొంతు అంతగా మార్చేసేవారు, అలాంటి పాటల్లో కూడా ఊపిరి మారదని కండక్టర్ గారి లెక్క. ఒకసారి ఒక పాటలో వెనకాల వచ్చే చిన్న ఆలాపన ఎవరిదని మూడు రోజులు వాదించుకున్నాం. నాలుగో రోజు ఆయన పినాకిని రైల్లో వచ్చి దిగి మా ఇంటికొచ్చి, నా పాత టేప్ రికార్డర్ పెట్టించుకుని, ఇరవై సార్లు విని, "ఆయనది కాదు, రాసేయ్" అని, కాఫీ తాగి మళ్లీ బండెక్కి వెళ్లిపోయారు. రైలు చార్జీలు ఇస్తామంటే కోప్పడ్డారు.

పాటలు వినడానికే చేరినా మనుషులం అక్కడితో ఆగలేదు. ప్రకాశం వైపు వాళ్లు పెద్ద జబ్బు చేస్తే చూపించుకోవడానికి నెల్లూరు వస్తుంటారు కదా. గిద్దలూరు అక్క ఒకామె భర్తను ఇక్కడ హాస్పిటల్లో చేర్చినప్పుడు పందొమ్మిది రోజులు మూడు పూటలా క్యారియర్ మా వాళ్ల ఇళ్ల నుంచే వెళ్లింది. అప్పటిదాకా ఆమె ముఖం మాలో ఎవరం చూడలేదు. తెల్లారి చరణం పాడి వాయిస్ మెసేజ్ పెట్టే గొంతుగా మాత్రమే తెలుసు.

2020 గురించి ఎక్కువ రాయలేను. ఆ ఫిబ్రవరిలో బాలు గారు తిప్పరాజువారి వీధిలోని తమ సొంత ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పి పిల్లల్ని పెంచిన ఊరు ఇది. ఆ రోజు మేం ఆరుగురం వీధి మొదట్లో నిలబడి చూశాం, దగ్గరికి వెళ్లి పలకరించే ధైర్యం చేయలేదు, మళ్లీ వస్తారుగా అనుకున్నాం. మార్చిలో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మా నెల్లూరులోనే బయటపడింది. ఆగస్టులో ఆయన చెన్నైలో హాస్పిటల్లో చేరారు. ఆగస్టు 20 సాయంత్రం ఆరు గంటలకు అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆయన పాట పెట్టి ప్రార్థన చేయమని సినిమావాళ్లు పిలుపిచ్చారు. మా రెండు గ్రూపుల్లో ఎవరి ఇంట్లో వాళ్లం పాట పెట్టి, ఆ పాట మోగుతుండగా వాయిస్ పంపుకున్నాం. వరసగా వింటే వెనకాల కుక్కర్ విజిళ్లు, పిల్లల ఏడుపులు, మసీదు పక్క వీధి నుంచి ఒకరిది, పొలంలో నిలబడి ఒకరిది. సెప్టెంబర్ 25న ఆయన పోయారు. ఆ రోజు గ్రూపులో ఎవరూ ఒక్క మాట రాయలేదు. మర్నాడు కండక్టర్ గారు మొదటి పాట పెట్టారు, కింద ఐదు వివరాలూ రాసి.

బాలు గారు పోయినప్పుడు మేం ఆపలేదు. నిజానికి ఆ తర్వాతే ఎక్కువ పనిచేశాం. మరి ఇప్పుడెందుకు ఆపుతున్నారని అందరూ అడుగుతున్నారు, దానికి సమాధానం చెప్పాలి.

కండక్టర్ గారు 2024 ఎండాకాలంలో పోయారు. అంతకు ముందే కోర్టు గుమాస్తా గారు పోయారు. విని తేల్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు గ్రూపులో ఒక పాట వచ్చింది, బాలు గారి గొంతే. ఎంత బాగుందంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కింద దండాలు, పువ్వులు, 'దేవుడు మళ్లీ పాడాడు' అని మెసేజ్‌లు. ఆ పాట సినిమా పేరు చూసుకుని సంవత్సరం లెక్కేస్తే ఒళ్లు జలదరించింది. ఆయన పోయిన మూడేళ్లకు వచ్చిన సినిమా అది. కంప్యూటర్ పాడిన పాట. ఇద్దరు విని సరే అన్నాకే రిజిస్టర్లో ఎక్కించే మా గుంపులో రెండు రోజుల పాటు ఒక్కరూ ఇది ఆయనది కాదనలేదు, నాతో సహా. ఆయన గొంతును అనుమతి లేకుండా ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడారంటూ 2024లో ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిన సంగతి అప్పటికే పేపర్లలో చదివి ఉన్నాం, అయినా మోసపోయాం. అప్పటి నుంచి వారానికి రెండు మూడు అలాంటివి వస్తున్నాయి. తీసేస్తే 'ఆయన గొంతు వినపడితే మీకేం బాధ' అని కోప్పడుతున్నారు. నాకు బాధే. ఆ గొంతులో ఊపిరి తీసుకున్న చోటు లేదు. కండక్టర్ గారు ఉంటే మొదటి లైనుకే చెప్పేసేవారు. అసలైనదేదో తేల్చి చెప్పలేని స్థితికి వచ్చాక, మా పేరు మీద తప్పు పాటలు ఊళ్లు తిరగడం కంటే, ఇప్పటిదాకా తేల్చినదాన్ని తేల్చినట్టు మూసి పెట్టడం మంచిదని ముగ్గురం పెద్దవాళ్లం కూర్చుని అనుకున్నాం. కుర్రవాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. వాళ్లు వేరే పేరుతో నడుపుకుంటామంటే సంతోషంగా దీవిస్తాను.

ఇక ఆ రెండు విషయాలు.

ఒకటి, మా పదకొండు రిజిస్టర్లు, ఆర్కుట్ ప్రింట్ల కట్టలు, మూడు ఇనప పెట్టెల క్యాసెట్లు నెల్లూరులోనే ఎక్కడైనా భద్రంగా ఉండాలి. ఒకచోట అడిగితే స్టోర్ రూములో పడేయండి అన్నారు, వెళ్లి చూస్తే ఆ గది వాన కురిస్తే కారుతోంది, వెనక్కి తెచ్చేశాను. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు బాలు గారి పేరే పెట్టారు, అక్కడ పాట నేర్చుకునే పిల్లలకు అందుబాటులో ఉంటే అంతకంటే ఏం కావాలి. అక్కడ ఇంకా అడగలేదు, ఈ ఉత్తరం పట్టుకెళ్లి అడగాలనుకుంటున్నాను. బీరువాల ఖర్చు మేమే పెట్టుకుంటాం, డబ్బులు పోగు చేసి ఉంచాం. ఇదంతా పాత కాగితాలు కదా అనేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. బాలు గారితో మొదటి పాట పాడించిన ఎస్.పి. కోదండపాణి గారు ఆ టేపును ఏడాది పాటు చెరపకుండా ఉంచమని విజయా గార్డెన్స్‌లో రికార్డింగ్ ఇంజినీరుకు చెప్పి, కొత్త గొంతు కోసం వచ్చే సంగీత దర్శకులకు అది వినిపించేలా చేశారు. బాలు గారే ఈ మాట ఎన్నోసార్లు తలచుకున్నారు, తన స్టూడియోకు కోదండపాణి గారి పేరు పెట్టుకున్నారు. టేపు చెరిపి మళ్లీ వాడుకునే రోజులవి. చెరిపేసి ఉంటే కొత్త కుర్రాడి గొంతు ఎవరికి వినిపించేది?

రెండోది, మాతో తెగిపోయినవాళ్ల కోసం. నంబర్లు మారినవాళ్లు, అలిగి వెళ్లిపోయినవాళ్లు, ఊళ్లు మారినవాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబర్ 15 సాయంత్రం ఎప్పటిలాగే మా మిద్దె మీద కలుస్తున్నాం, ఇల్లు మీకు తెలుసు. ఒంగోలు వాళ్లు మైసూర్‌పాక్ తెస్తామన్నారు, పులిహోర మా ఇంట్లో. ఎవరి మీదా ఎవరికీ కోపాల్లేవు, రండి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక పాట, ఐదు వివరాలతో.

ముఖ్యంగా ఉదయగిరి అన్నా, రోజూ తెల్లవారుజామున ఐదింటికి పాట పెట్టేవాడివి, మార్చి నుంచి నీ ఫోన్ మోగడం లేదు. చిన్నప్పుడు మీ అమ్మ దీపం పెట్టేటప్పుడు వేసే భక్తి పాటల క్యాసెట్ కావాలని 2019లో అడిగావు. పేరు తెలీదన్నావు, బి సైడు మూడో పాటలో మధ్యలో గంట మోగుతుందని మాత్రం చెప్పావు. మొన్న కావలిలో ఒక ఇంట్లో అటక మీద దొరికింది. విన్నాను, గంట మోగింది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఉంచాను, క్యాసెట్ కూడా నీకే. రాలేకపోతే ఎవరినైనా పంపు.

ఇట్లు,
క్యాసెట్ల షాపు అన్న,
నెల్లూరు