లెన్సుతో కలిపి తూచండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి కొనేయాలన్న ఆశతోనూ, రెండోసారి ఆ ఆశను కాసేపు పక్కన పెట్టీ చదివాను. కెమెరా బాడీల (లెన్సు లేని ఉత్త కెమెరాల) కొలతలూ బరువులూ చూపిన పట్టిక శ్రద్ధగా తయారు చేసినదే. అయితే లెన్సుల గురించి ఆ పేజీలో ఉన్నది దాదాపు ఒకే మాట: ముందు నచ్చిన బాడీ ఎంచుకోవాలి, లెన్సులు తర్వాత అవసరాన్నిబట్టి కొనుక్కోవచ్చు. కొన్ని నెలలుగా ఇదే విషయంలో కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాడిగా ఆ సలహా తలకిందులుగా ఉందని నాకు అనిపించింది. అందుకే ఈ లేఖ.

ముందుగా నా బలహీనత ఒప్పుకుంటాను. నా దగ్గర అద్దమున్న పాతకాలపు డీఎస్ఎల్ఆర్ ఒకటి ఉంది. దానికి ఏ లోపమూ లేదు, బీరువాలోంచి బయటికి రాకపోవడం తప్ప. బయలుదేరే ముందు ప్రతిసారీ దాన్ని చేతిలోకి తీసుకుని, సంచి బరువు తలచుకుని, మళ్ళీ యథాస్థానంలో పెట్టేస్తాను. అలాంటివాడికి 2013లో వచ్చిన పానసోనిక్ జీఎం1 లాంటి కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి 204 గ్రాములేనని తెలిస్తే మనసు ఆగుతుందా? దానితోపాటు వచ్చిన 12-32 మి.మీ. జూమ్ లెన్సు 70 గ్రాములు. రెండూ కలిపినా 274 గ్రాములు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట ఇలాంటివాటి కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

అద్దం తీసేస్తే కెమెరా ఎందుకు చిన్నదవుతుందో మీ వ్యాసం సరిగానే చెప్పింది. లెన్సు బిగించే చోటికీ (దీన్నే మౌంటు అంటారు), బొమ్మను పట్టే సెన్సరుకూ మధ్య అద్దం లేచి దిగడానికి ఖాళీ కావాలి. నికాన్ పాత ఎఫ్ మౌంటులో ఆ దూరం 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్ మౌంటులో 44 మి.మీ. ఒలింపస్, పానసోనిక్ కలిసి 2008లో ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సరు పద్ధతిలో అది 19.25 మి.మీ.కు తగ్గింది. 2018లో వచ్చిన నికాన్ జడ్ మౌంటులో 16 మి.మీ. మాత్రమే. కానీ ఇక్కడ తగ్గింది కెమెరా మందం. వెడల్పు దృశ్యం పట్టే వైడ్ యాంగిల్ లెన్సుల్లో కొన్నింటికి ఈ దగ్గరితనం కలిసివచ్చిన మాట నిజమే. మిగతా వాటి పరిమాణాన్ని నిర్ణయించేవి సెన్సరు విస్తీర్ణం, ఫోకల్ లెంగ్త్ (మి.మీ.లో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ దూరపు దృశ్యం దగ్గరగా వస్తుంది), అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, దాని ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది). అద్దం పోయిందని అవి చిన్నవి కావు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2020లో వచ్చిన సోనీ ఏ7సీ పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సరు ఉన్నా 509 గ్రాములే తూగుతుంది. దానికి అదే కంపెనీ 2016లో తెచ్చిన 24-70 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు తగిలిస్తే ఆ లెన్సు ఒక్కటే 886 గ్రాములు. 2022లో వచ్చిన రెండో రూపం 695 గ్రాములకు తగ్గినా బాడీ కన్నా బరువే. ఇలాంటి జోడీ మెడలో వేలాడితే కెమెరా ముక్కు నేలచూపులు చూస్తూ ఉంటుంది. చిన్న సెన్సరు పద్ధతిలోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ 40-150 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు స్టాండు పట్టీ లేకుండానే 760 గ్రాములు. కాబట్టి బాడీ బరువు చూసి మురిసిపోయేవారు, తాము చివరికి మోయబోయే బరువు ఎంతో ఇంకా తెలుసుకోనట్టే.

ఈ సంగతి నాకు పుస్తక జ్ఞానంగా కాక చేతికి తెలిసింది ఈ మధ్యనే. మా ఆఫీసులో నాకన్నా చిన్నవాడైన ఒక సహోద్యోగి తన మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాను, కిట్టుగా వచ్చే 14-42 మి.మీ. జూమ్ లెన్సును, 45 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ కాని) లెన్సును ఒక వారంపాటు నాకు ఇచ్చాడు. మొదటి మూడు రోజులు కెమెరాకు తగిలించిన జూమ్‌ను ఊడదీయనే లేదు. ఇంట్లో, దారిలో, మిద్దె మీద, ఏది పడితే అది తీశాను. పగటి వెలుగులో ఆ లెన్సును తప్పుపట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. కిట్ లెన్సులను చులకనగా మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

నాలుగో రోజు సాయంత్రం మా అమ్మ కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం కొసను పెదవులతో తడిపి, సూదిని వెలుగుకెదురుగా ఎత్తిపట్టి, ఒక కన్ను సగం మూసి చూస్తోంది. నేను జూమ్‌ను 42 మి.మీ. దాకా తిప్పాను. అక్కడ దాని అపెర్చర్ ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. ఐఎస్‌ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే మోతాదు) 1600 పెట్టినా షట్టరు సెకనులో 30వ వంతు దగ్గర ఆగింది. ఫొటోను పెద్దది చేసి చూస్తే కిటికీ ఊచలు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, గోడ మీది పగులు కూడా కనిపిస్తోంది, అమ్మ వేళ్ళు మాత్రం అలుక్కుపోయాయి. కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ నా చేతి వణుకును ఆపగలిగింది, అమ్మ చేతి వణుకును ఆపలేకపోయింది. ఈ తేడాను మీ వ్యాసం ప్రస్తావించి ఉండాల్సింది. ఎదుటి మనిషి కదలికను ఆపేది షట్టరు వేగమే. మసక వెలుతురులో ఆ వేగాన్ని ఇచ్చేది పెద్దగా తెరుచుకునే లెన్సు.

లెన్సు మార్చి 45 మి.మీ. తగిలించి ఎఫ్/1.8 దగ్గర పెట్టాను. వెలుతురు దాదాపు 10 రెట్లు ఎక్కువ లోపలికి వస్తుంది కాబట్టి అదే ఐఎస్‌ఓలో షట్టరు సెకనులో 250వ వంతుకు పెరిగింది. వేళ్ళు నిలిచాయి, దారపు కొసన విడిపోయిన పోగు కూడా కనిపించింది. అయితే అంత దగ్గరనుంచి తీసినప్పుడు స్పష్టంగా ఉండే లోతు వేలి వెడల్పుకు మించదు. సూది స్పష్టంగా వస్తే దాని వెనక ఉన్న కన్ను మసకబారింది, కన్ను మీద ఫోకస్ చేస్తే సూది మాయమైంది. ఎఫ్/2.8కి తగ్గించి, అమ్మను ముఖం కాస్త పక్కకు తిప్పమని అడిగి తీసిన నాలుగో ఫొటోలో గానీ రెండూ సరిపడా రాలేదు. అప్పటికి సూదిలోకి దారం ఎక్కేసింది. నాకోసం దాన్ని మళ్ళీ బయటికి లాగి ఎక్కించింది. కాబట్టి అపెర్చర్ ఎంత పెద్దదైతే అంత గొప్ప అని కూడా నేను అనడం లేదు.

ఇక్కడే మీ వ్యాసంలోని ఒక పొరపాటును చూపాలి. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఫుల్ ఫ్రేమ్‌లో 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుతో సమానమని రాశారు. ఇది సగమే నిజం. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36 x 24 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరు 17.3 x 13 మి.మీ., అంటే విస్తీర్ణంలో సుమారు నాలుగో వంతు. దృశ్యం ఎంత మేర పడుతుందన్న లెక్కలో 17ను రెండుతో గుణించి 34 అనుకోవడం సరైనదే. షట్టరు వేగం లెక్కలోనూ ఎఫ్/1.8 ఎక్కడైనా ఎఫ్/1.8యే. కానీ వెనక దృశ్యం ఎంత మసకబారుతుందన్న విషయంలో ఆ లెన్సు ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/3.6 లాగా ప్రవర్తిస్తుంది. సెన్సరు మొత్తం మీద పడే వెలుతురు కూడా నాలుగో వంతే కాబట్టి చీకట్లో ఫొటోలో గరుకు త్వరగా తేలుతుంది. ఫోకల్ లెంగ్త్‌ను రెండింతలు చేసి చెప్పి, ఎఫ్ అంకెను మాత్రం ముట్టుకోకుండా వదిలేయడం అమ్మకందారుల అలవాటు. పత్రిక వారు ఆ లెక్కనే తిరిగి అచ్చువేయనక్కరలేదు. ఈ రెండిటికీ మధ్య పరిమాణంలో ఉండే ఏపీఎస్-సీ సెన్సరుకు ఇదే లెక్క ఒకటిన్నరతో, కెనాన్ వారి ఏపీఎస్-సీ అయితే 1.6తో చేసుకోవాలి.

మరి ఏ లెన్సు కావాలో ఎలా తెలుస్తుంది? ప్రతి డిజిటల్ ఫొటోలోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీసినదో నమోదై ఉంటుంది కదా అని నా పాత కెమెరా ఫొటోలన్నీ తెరిచి చూశాను. అందులోది 18-55 మి.మీ. జూమ్. ఎక్కువ ఫొటోలు అయితే 18లో, కాకపోతే 55లో ఉన్నాయి. చూడగానే నాకు ఒక వైడ్ లెన్సు, దూరాన్ని దగ్గర చేసే ఒక టెలి లెన్సు కావాలన్న తీర్మానానికి వచ్చేశాను. తర్వాత ఆలోచిస్తే, 55లో తీసినవి నాకు 55 కావలసి తీసినవి కావు. జూమ్ అక్కడితో ఆగిపోయింది కాబట్టి తీసినవి. 18లో తీసినవాటిలో సగం, రెండడుగులు ముందుకు వేయడానికి బద్ధకించి తీసినవి. అందుకని లెక్క మార్చి, ప్రింటు వేయించుకున్నవీ, ఎవరికైనా పంపినవీ మాత్రమే విడదీశాను. అవి చాలావరకు 30కీ 40కీ మధ్య ఉన్నాయి. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సెన్సరు ఇంకా చిన్నది కనుక దానికి దగ్గరగా వచ్చేది 25 మి.మీ. లెన్సు. కాస్త వెడల్పు కావాలంటే పానసోనిక్ 2009లో తెచ్చిన 20 మి.మీ. ఎఫ్/1.7 ఉంది. పాన్‌కేక్ అని పిలిచే ఆ పలచటి లెన్సు 100 గ్రాములే. నాకు కావలసింది వైడూ కాదు, టెలీ కాదని తేలడానికి పైసా ఖర్చు కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది, అంతే.

పాత లెన్సులను వేరే మౌంటు బాడీకి కలిపే అడాప్టరుతో వాడుకోవచ్చన్న మీ మాట నిజమే గానీ, అందులో చిక్కు ఒకటి ఉంది. అద్దం తీసేసి మిగుల్చుకున్న ఖాళీని అడాప్టరు గొట్టం మళ్ళీ పూడ్చేస్తుంది. నికాన్ ఎఫ్ లెన్సును జడ్ బాడీకి తగిలించాలంటే 46.5లోంచి 16 పోగా మిగిలే 30.5 మి.మీ. అక్కడ ఉండి తీరాలి. ఫోకస్ మోటారు లెన్సులో లేకుండా బాడీలో ఉండే కాలం నాటి లెన్సులైతే చాలావరకు చేత్తో తిప్పుకోవలసిందే. ఆ ఓపిక ఉన్నవారికి అందులోనూ ఒక సరదా ఉంది. నాకు లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, బాడీ కొనడమంటే ఒక మౌంటుకు కట్టుబడడమని కొత్తవారికి ఎవరో ఒకరు చెప్పాలి. బాడీలు నాలుగైదేళ్ళకు పాతబడతాయి, మంచి లెన్సు వాటన్నిటినీ దాటి నిలుస్తుంది, అది బిగించడానికి కొత్త బాడీలు వస్తూ ఉన్నంతకాలం. నికాన్ 1 కెమెరాలు 2011లో మొదలయ్యాయి, వాటి తయారీ ఆగిపోయిందని 2018లో తేలింది. కెనాన్ ఈఓఎస్ ఎం వరుస 2012 నుంచి 2023 దాకా నడిచింది. రెండూ చిన్నదనమే గుణంగా వచ్చినవి. వాటిని కొన్నవారి కెమెరాలు ఈనాటికీ పనిచేస్తూ ఉండవచ్చు, కానీ ఆ లెన్సులకు కొత్త బాడీ అంటూ ఇక రాదు. అందుకే లెన్సులు తర్వాత చూసుకుందాం అన్న మాట నాకు మింగుడుపడలేదు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని మనవాళ్ళు నవ్వుతారు. ఇక్కడ చాలాసార్లు అంకుశం ఖరీదే ఏనుగును మించుతుంది. పైగా ఏనుగు పోయినా అంకుశం మిగలాలి.

ఇంతా రాసి నేను కొన్నానా అంటే ఇంకా కొనలేదు. సహోద్యోగి కెమెరాను ఇచ్చేసిన రోజున జేబు ఖాళీగా అనిపించిన మాట నిజం. కొంటే మాత్రం ముందు 25 మి.మీ. లెన్సు ఎంచుకుని, దానికి తగిన బాడీ వెతుక్కుంటాను. 45 మి.మీ. గురించి ఒక ఏడాది గడిచాక ఆలోచిస్తాను. అమ్మ సూది పని మానలేదు కనుక దాని అవసరం రాకుండా పోదు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఆ వ్యాసానికి రెండో భాగం వేసే ఉద్దేశం ఉంటే, అదే పట్టికను మళ్ళీ ప్రచురించి, ‘బరువు’ అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు చేర్చండి. ఒకదానిలో ఆ కెమెరాకు దొరికే అతి తేలికైన ప్రైమ్ లెన్సుతో కలిపి ఎంత తూగుతుందో, మరొకదానిలో ఎఫ్/2.8 జూమ్‌తో కలిపి ఎంత తూగుతుందో వేయండి. 17 మి.మీ. ఎఫ్/1.8 గురించిన సవరణను కూడా ఆ పక్కనే వేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు